అవ్వ కాల్చిన రాతి ఆకు

పోయిన నెల మంథని నుంచి దత్తు సార్ కూతురు మా ఇంటికి వచ్చింది. సార్ మాకు హైస్కూల్లో సైన్స్ చెప్పినాయన. ఆయన పోయి ఏడాది కావస్తోంది. అలమారా సర్దుతుంటే నా పేరు రాసిన పొట్లం ఒకటి కనిపించిందని, పోస్టులో పంపితే పగులుతుందేమోనని తానే పట్టుకొచ్చానని చెప్పింది. పాత తెల్ల పంచె ముక్కలో చుట్టి, పైన పురికొస కట్టి ఉంది. చేతిలోకి తీసుకోగానే బరువును బట్టి తెలిసిపోయింది నాకు. ముడి విప్పే ఓపిక లేక పళ్లతో కొరికాను. నలభై ఏళ్ల మనిషిని, నలుగురికి రాతలో మెళకువలు చెప్పేదాన్ని, ఆ పిల్ల ముందు అట్లా తాడు కొరుకుతూ కూర్చున్నానంటే నవ్వుకోండి, నాకేం సిగ్గులేదు. లోపల అరచేయంత రాయి, అంచులు ఇటుక రంగులో ఉన్నాయి. దాని మీద నాలుక ఆకారంలో ఒక ఆకు అచ్చు, నడుమ ఈనె, దాని నుంచి రెండు వైపులా వలలాగా అల్లుకున్న సన్నని ఈనెలు. దాని జోడు ముక్క నా రాత బల్ల మీదే ఉంది, ఇన్నేళ్లుగా కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాస్తోంది.

మాది సెంటినరీ కాలనీలో వరుస క్వార్టర్లలో చివరి నుంచి రెండోది. మా బాపు ఓదేలు బాయి పనికి పోయేవాడు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటారు. ఆయన పని టింబర్‌మ్యాన్, అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా మొద్దులు నిలబెట్టడం. నిలబెట్టే ముందు కర్రతో కప్పును కొట్టి, చెవి రిక్కించి వినాలి. ఖంగుమంటే రాయి ఒకటే దిమ్మగా ఉన్నట్టు. డబ్బుమంటే లోపల పొరలు విడిపోయినట్టు, దాన్ని డొల్ల అంటారు. ఆ చప్పుడును పోల్చుకునే చెవి మీదే నలుగురి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి కాబట్టి, ఆ అలవాటు ఇంటికి వచ్చినా ఊరుకునేది కాదు. సంతలో పుచ్చకాయనే కాదు, పెండ్లిచూపులకు పోయిన ఇంట్లో గోడను కూడా వేలి కణుపుతో కొట్టి వినేవాడు. ఒకసారి కొత్తగా వచ్చిన పక్క క్వార్టరాయన బీరువా చూపిస్తుంటే దాన్నీ కొట్టి చూసి, తలాడించి వచ్చేశాడు. అమ్మ ఆ రోజంతా నెత్తి కొట్టుకుంది.

మొదటి షిఫ్టు దిగి బాపు ఇంటికి వచ్చే వేళకు నేను గేటు దగ్గర నిలబడేదాన్ని. ఆయన కోసం అని చెప్పుకునేదాన్ని గాని, నిజానికి ఆయన తెచ్చే కాగితాల కోసం. వస్తూ వస్తూ బండి మీద మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చేవాడు. ఆ బజ్జీల కాగితంలో ‘మీకు తెలుసా’ ముక్క ఉందేమో చూసి మరీ ఎంచుకునేవాడు. శుక్రగ్రహం మీద ఒక రోజు దాని ఏడాది కంటే పొడవు! ఈజిప్టులో పిరమిడ్లు కడుతున్న రోజుల్లో ఎక్కడో మంచు దీవిలో బొచ్చు ఏనుగులు ఇంకా తిరుగుతున్నాయి! ఇవన్నీ నాకు నూనె మరకల మధ్య నుంచి వచ్చిన చదువులే. కాగితం ఎక్కడ చిరిగితే మా జ్ఞానం అక్కడ ఆగేది. ‘ఆక్టోపస్‌కు మూడు’ అన్న దగ్గర ఒకటి చిరిగిపోయి ఉంది. మూడు ఏమిటి? కళ్లా, కాన్పులా? వారం రోజులు ఇంట్లో అదే ముచ్చట. మూడు పెండ్లిళ్లేమో అన్నది అవ్వ. గుండెలు అని తెలిసిన రోజు నాకు ఒళ్లు ఝల్లుమంది. ఒక్కదానితోనే వేగలేక సస్తున్నం, మూడెట్ల మోస్తది అని అవ్వ దానిమీద జాలిపడింది.

అవ్వ అంటే బాపు తల్లి, కొమురవ్వ. కాలనీకి గ్యాస్ సిలిండర్లు వచ్చిన తర్వాత కూడా ఆమె వెనక వాకిట్లో బొగ్గుల పొయ్యిని వదల్లేదు. పొగ పోయేదాకా కాల్చి ఆర్పిన బొగ్గు వాసన, దాని మీద కాగే నీళ్ల డేగిస, పక్కన చెమర్చే రంజన్ కుండ, ఇదీ ఆమె రాజ్యం. బియ్యంలో మెరిగెలు ఏరినట్టు బొగ్గులో రాళ్లు ఏరేది. చేతిలో బరువు తూచి ఇది బొగ్గు, ఇది బండ అని చూడకుండానే చెప్పేది. ఏరిన బండల్లో పలకగా ఉన్నదాన్ని పారెయ్యదు. పొయ్యి అంచున బూడిదలో కప్పి వేడిచేసి, గుడ్డలో చుట్టి మోకాలికి కాపడం పెట్టుకునేది. ఇక రంజన్ సంగతి. కుండ ఒంటి నుంచి నీరు ఊరి ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడతాయని చదివి, నిజమో కాదో తేల్చుకోవడానికి మిగిలిపోయిన కిటికీ రంగును నేను రంజన్‌కు ఒళ్లంతా పూశాను. నీళ్లు వెచ్చగా అయ్యాయి, సైన్స్ గెలిచింది, నా వీపు విమానం మోత మోగింది.

ఇట్లాంటి పిచ్చి ఉన్నదానికి దత్తు సార్ లాంటి మాస్టారు దొరకడం నా అదృష్టం, అప్పుడు మాత్రం శని అనుకున్నాను. ఆయన రోజూ మంథని నుంచి బస్సులో వచ్చేవాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో చిన్న భూతద్దం. ప్రార్థన అయ్యాక రోజుకొకరు ఒక వింత సంగతి చెప్పాలి. సార్ దాన్ని వరండాలోని నల్లబోర్డు మీద రాసి, కింద ‘ఆధారం’ అని గీత గీసి, అది ఎక్కడ దొరికిందో రాసేవాడు. పుస్తకమో, పత్రికో, కళ్లతో చూసిన రుజువో ఉండాలి. లేకపోతే సంగతి తుడిచేస్తాడు, చెప్పినవాళ్లకు ఆ ఏడాది మళ్లీ వంతు రాదు. వంతు పోవడమంటే నాకు అన్నం పోయినంత పని. అప్పటిదాకా ఒక్కటి కూడా తుడిపించుకోని పిల్లను బడి మొత్తం మీద నేనొక్కదాన్నే. ఆ గర్వం నా నడకలో కూడా కనిపించేదని అమ్మ అనేది.

ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు బాపు బజ్జీలు తేలేదు, టిఫిన్ సంచిలో ఒక నల్లబండ తెచ్చాడు. పలకలాగా, పుస్తకమంత మందం ఉంది. దాని మీద సగం ఆకు. ఆ రోజు బాయిలోకి కొత్త ఆఫీసరు ఒకాయన వచ్చాడట, రాళ్ల సంగతి చదువుకున్నవాడు. బాపు కప్పును కొట్టి విని, డొల్లగా ఉన్న పెచ్చును గడ్డపారతో దింపితే, ఆ రాలిన దాంట్లో ఆకును చూసి ఆయన చిన్నపిల్లాడిలా గంతులు వేశాడట. బొగ్గంతా ఇట్లాంటి చెట్లేనని, ఇవి డైనోసార్లు పుట్టకముందు పెరిగినవని, ఇదే ఆకు దక్షిణ ధ్రువం దగ్గర మంచు కింద రాళ్లలో కూడా దొరికిందని, ఒకప్పుడు ఆ నేలా మన నేలా ఒకటేనని చెప్పాడట. బాపు స్నానం కూడా చెయ్యకుండా, కాటుక పెట్టినట్టున్న కళ్లతో ఇదంతా నాకు చెప్పాడు. చెప్తుంటే ఆయన చేతులు ఆగడం లేదు. ఇన్నేళ్లుగా చెట్ల కింద నిలబడి పనిచేస్తూ బొగ్గు కింద ఉన్నాననుకున్నానని అన్నాడు. నాకు ఆ రోజు అన్నం సహించలేదు, సంతోషంతో కూడా ఆకలి చచ్చిపోతుందని అప్పుడే తెలిసింది.

నా వంతు శనివారం వచ్చింది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. సార్ సగం రాసి సుద్దముక్క ఆపాడు.

“ఆధారం?”

“మా బాపు చెప్పిండు సార్.”

బడి మొత్తం నవ్వింది. సార్ నవ్వలేదు గాని, ఆయన అన్నది నవ్వు కంటే ఎక్కువ తగిలింది. “బాపు చెప్పుడు ఆధారం కాదమ్మా. బాయిల పని చేసేటాయనకు దక్షిణ ధ్రువం సంగతి ఎట్ల ఎరుక?” తప్పుగా అనాలని అనలేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నా చెవులు వేడెక్కాయి. మా క్లాసులో సగం మంది తండ్రులు బాయికి పోయేవాళ్లే, ఆ సగం కూడా నవ్వడం ఇంకా మండించింది. మా బాపు అబద్ధమాడడు, సోమవారం ఆ బండ తెచ్చి చూపిస్తాను, చూపించలేకపోతే నన్ను ఒక్క ఏడాది కాదు, ఎప్పటికీ పిలవకండి అని అరిచి కూర్చున్నాను. సార్ బోర్డు తుడవకుండా ‘ఆధారం’ ముందు ఖాళీ వదిలేశాడు. సోమవారం దాకా ఆ ఖాళీలో మా బాపు పరువు వేలాడుతూ ఉంది.

ఆదివారం పొద్దున ట్యూషన్ నుంచి వచ్చి చూస్తే, కిటికీలో పెట్టిన బండ లేదు. ఇల్లంతా వెతికి, మంచం కింద దూరి, అమ్మను అడిగితే తనకు తెలియదంది. వెనక వాకిట్లో అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పలకరాయి కనబడిందా అంటే, “కనబడకేంది? బొగ్గు గాదు, మంచి పలక. మోకాలు గుంజుతున్నదని పొద్దుగాల్నే పొయ్యిల పెట్టిన. యాదిమరిచి కునుకు తీసిన” అంది. ఆమె పోల్చుకోవడంలో ఏ తప్పూ లేదు, అదే నా ఖర్మ! పటకారుతో బూడిద తోడి బయటికి లాగాను. నల్లటి బండ అంచుల వెంట ఇటుకలా ఎర్రబడింది. పైపొర పెటిలిపోయింది. ఆ పొర మీదే ఉండాలి ఆకు. బూడిదలో పెచ్చులు ఏరితే దేని మీదా రెండు ఈనెలు కూడా లేవు. నేను వాకిట్లోనే కూలబడి, శోకాలు పెట్టి ఏడ్చాను. అవ్వ ముఖం చిన్నబోయింది. బండకు గంత విలువుంటదని నాకేమెరుక బిడ్డా అని నా తల మీద చెయ్యి వేయబోతే విదిలించాను. ఆ విదిలింపు ఇప్పటికీ నా చేతికి గుర్తుంది.

బాపుకు ఆ రోజు సెలవు. ఏడుపు విని వచ్చి, సంగతి తెలుసుకుని, అవ్వనూ ఏమనలేదు, నన్నూ ఏమనలేదు. బండ చల్లారేదాకా పక్కన గొంతుక్కూర్చున్నాడు. తర్వాత అలవాటు కొద్దీ వేలి కణుపుతో కొట్టాడు. తల వంచి మళ్లీ కొట్టాడు. తిప్పి ఇంకో అంచున కొట్టాడు. అమ్మను పిలిచి కూరగాయల కత్తి తెమ్మన్నాడు. ఇప్పుడు కూర తరుగుతాడా ఏమిటని నాకు ఒళ్లు మండింది.

“డొల్ల మోగుతున్నది. నడుమ పొర ఇడిసింది,” అన్నాడు బాపు. “ఏడుపు ఆపు. చప్పుడు ఇననియ్యి.”

ఏడుపు ఆపాను. అంచు చుట్టూ మెల్లగా కొడుతూ, చప్పుడు మారిన చోట కత్తి మొన ఆనించి, అరచేతి అడుగుతో చిన్నగా తట్టాడు. బండ పుస్తకంలా తెరుచుకుంది. లోపల ఇంకో ఆకు! సగం కాదు, తొడిమ నుంచి కొస దాకా నిండు ఆకు. ఒక ముక్కలో ఉబ్బుగా, రెండో ముక్కలో గుంటగా, ఒకే ఆకు రెండు వైపులా. పైనున్న సగం ఆకును చూసి మురిసిన మాకు, దాని కింద ఇంత పెద్దది ముడుచుకొని పడుకుని ఉందని ఎవరికి తెలుసు? ఆ ఆకు రాలిన రోజు నుంచి దాన్ని ఎవరూ చూడలేదు. డైనోసార్లు కూడా చూడలేదు. మొట్టమొదట చూసింది సెంటినరీ కాలనీలో వెనక వాకిట్లో మేం నలుగురం. నేను ఎగిరి అవ్వ మెడకు చుట్టుకున్నాను. పొయ్యిల పెట్టకుంటే అది తెరుచుకునేది గాదు కదా అని బాపు అంటే, అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, మరి నాకు కాపడానికి ఇంకో బండ తే అంది.

సోమవారం రెండు ముక్కలనూ గుడ్డలో చుట్టి తీసుకుపోయాను. ఒక ముక్క చూపించగానే మా క్లాసు శ్రీలత లేచి, నల్లబండ తెస్తానని చెప్పి ఇటుక మీద మేకుతో చెక్కుకొచ్చిందని అంది. న్యాయంగా చూస్తే అది అట్లాగే కనిపిస్తోంది. అవ్వ పొయ్యి, మోకాలు, బాపు కత్తి, అన్నీ చెప్పాల్సి వచ్చింది. మళ్లీ నవ్వులు. అప్పుడు రెండో ముక్క తీసి సార్ చేతిలో పెట్టాను. ఆయన భూతద్దం తీసి ఒకదాన్ని చూశాడు, రెండోదాన్ని చూశాడు. రెంటినీ కలిపి మూశాడు. వెంట్రుక దూరే సందు లేదు. తెరిచి మళ్లీ చూశాడు.

“ఒక్క దిక్కు చెక్కొచ్చు,” అన్నాడు సార్ చివరికి. “ఈనె ఈనెకు జోడు కలిసేటట్టు రెండు దిక్కుల ఏ మనిషీ చెక్కలేడు.”

బోర్డు మీద ‘బొగ్గు గనిలో రాతి ఆకు’ అని రాశాడు. దక్షిణ ధ్రువం మాట పక్కన మాత్రం ప్రశ్న గుర్తు పెట్టి, బోర్డులో ఆ మూలను తుడవకుండా ఉంచాడు. నాకు సగమే గెలిచినట్టు అనిపించి, మళ్లీ ఉక్రోషం వచ్చింది. ఒక ముక్క తనకు ఇస్తావా, పుస్తకాల్లో వెతికి చూస్తానని సార్ అడిగితే, ఇస్తాను గాని ప్రశ్న గుర్తు తీసేదాకా తిరిగి ఇవ్వద్దు అన్నాను. మాస్టారితో అట్లా మాట్లాడినందుకు పక్కవాళ్లు నోరు వెళ్లబెట్టారు.

ఎండాకాలం సెలవులు రాబోతుండగా ఒక సాయంత్రం సార్ మా క్వార్టర్‌కు వచ్చాడు. మంథని బస్సు వదిలేసుకుని వచ్చాడంటే ఎంత ఉత్సాహంలో ఉన్నాడో చూడండి. కరీంనగర్ దాకా పోయి ఒక పాత ఇంగ్లీషు పుస్తకం వెతికి పట్టాడట. చెమటలు తుడుచుకుంటూ, అమ్మ ఇచ్చిన చాయ్ చల్లార్చుకుంటూ చెప్పాడు. ఎప్పుడో నడుచుకుంటూ దక్షిణ ధ్రువం దాకా పోయిన కొందరు మనుషులు, తిరుగుదారిలో చలికి, ఆకలికి ఒక్కొక్కరే చనిపోయారు. వాళ్ల కోసం వెతుక్కుంటూ పోయినవాళ్లకు గుడారంలో శవాలు దొరికాయి. పక్కన వాళ్లు లాగిన బండిలో, పదిహేను కిలోలకు పైగా రాళ్లు. నడవలేని స్థితిలో కూడా వాళ్లు ఆ రాళ్లను పారెయ్యలేదు. ఆ రాళ్లలో ఉన్నది ఈ ఆకే. నాకు చెప్పలేనంత ఆనందం ఒకవైపు, ఆ చచ్చిపోయినవాళ్ల మీద జాలి ఇంకోవైపు.

“బరువని తెలిసి గూడ మోసిన్రంటే, వాళ్లకది బండ గాదు సార్,” అన్నాడు బాపు.

సార్ లేచి నిలబడి, ఆ రోజు పిల్లల ముందు నేనన్న మాట తప్పు, ఏమనుకోకు ఓదేలన్నా అన్నాడు. వయసులో బాపు చిన్నవాడే, అయినా అన్న అన్నాడు. బాపు, సార్ కూర్చున్న కుర్చీ వీపును వేలితో కొట్టి చూసి, గట్టిదే సార్, కూసోండ్రి అన్నాడు. మర్నాడు సార్ బోర్డు మీద ప్రశ్న గుర్తు తుడిచాడు. ముక్క సంగతి నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు. రెండు చోట్ల ఉంటేనే అది బాగుంటుందని ఇద్దరికీ అనిపించి ఉంటుంది.

రాష్ట్రం వచ్చిన ఏడాదే బాపు రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు అవ్వ పొయ్యిని చూస్తూ నిలబడిపోయింది. తర్వాత రెండేళ్లకు ఆమె పోయింది. ఇప్పుడు నా ఫోన్‌లో పొద్దున లేచేసరికి ఇరవై వింతలు వచ్చిపడి ఉంటాయి. ఏదీ చిరిగి ఉండదు, ఏదీ బజ్జీ వాసన రాదు. ఎవరు చెప్పారంటే ఎవరో పంపారు అంటారు. అందులో సగం అబద్ధాలు, మిగతా సగం ఎవరికీ గుర్తుండవు. మూడు గుండెల కోసం వారం ఆగిన ఇల్లు మాది. ఆ వారం రోజుల్లోనే చదువంతా ఉందని గట్టిగా చెప్తాను, ఎవరైనా కాదంటే పోట్లాటకు కూడా సిద్ధం. అయితే నా కూతురు నిన్న తేనె పాడవదట అని ఫోన్ చూసి చెప్పి, వెంటనే వంటింట్లోకి పోయి పాత సీసా తీసి నాకి చూసింది. కాబట్టి మరీ దిగులు పడాల్సిన పనిలేదు.

సార్ నా పేరున దాచిన ముక్కను నేను వారం రోజులు ఆకు వైపే చూస్తూ ఉండిపోయాను. తిప్పి చూడాలని తట్టలేదు. మొన్న ఆదివారం గోదావరిఖనికి బాపు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కళ్లు ఇప్పుడు సరిగా కనిపించవు, దుమ్ము తిన్న ఊపిరితిత్తులు నాలుగు మెట్లకే ఆయాసపడతాయి. చేతికిస్తే తడిమి, వెనక ఏదో కాగితం అంటించి ఉందే అన్నాడు. తిప్పితే, పసుపు పట్టిన చీటీ మీద సార్ ముత్యాల రాత. బాపు చదవమన్నాడు. చదివాను.

“రాతి ఆకు. తెచ్చినవారు: ఓదేలు, టింబర్‌మ్యాన్. కాల్చినవారు: కొమురవ్వ. తెరిచినవారు: ఓదేలు. బడిలో చెప్పినది: సరిత, ఎనిమిదో తరగతి. ఆధారం: వాళ్ల బాపు చెప్పిండు.”

బాపు ఇంకోసారి చదువు అన్నాడు. చదివాను. అవ్వ పేరు గూడ రాసిండా అని అడిగాడు, రాసిండు బాపూ అన్నాను. అప్పుడు ఆయన రాయిని చెవి దగ్గరికి తెచ్చుకుని, వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు. ఫ్యాను ఆపమని నాకు సైగ చేశాడు. ఆపాను. మళ్లీ కొట్టి, కళ్లు మూసుకుని విన్నాడు.

“డొల్ల లేదు బిడ్డా,” అన్నాడు.